తక్కువ పడిన గుడ్డ

నాకు రాయడం సరిగ్గా రాదండి. ఐదో తరగతి మధ్యలో మానేశాను. ఒత్తులు పోతాయి, దీర్ఘాలు పోతాయి. అయినా ఇది ఇంకొకరి చేత రాయించేది కాదు. ఇన్నేళ్లూ అన్నం ముద్ద దిగేటప్పుడల్లా అడ్డం పడుతూనే ఉంది.

అప్పట్లో అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసేదాన్ని. ఆపరేషన్‌లో కడుపు లోపల రక్తం అద్దడానికి పెట్టిన గుడ్డలు ఉతికి, ఆరేసి, లెక్క అప్పచెప్పడం నా పని. కడుపు కుట్టేముందు లెక్క చూసుకోవాల్సింది డాక్టరమ్మగారే. తొందరలో ఉంటే చూసేవారు కాదు. నేను ఉతికి తెచ్చిన లెక్కే లెక్క.

అంతర్వేది వైపు నుంచి సత్యవతి అనే పిల్ల తొలికాన్పుకి వచ్చింది. మొగుడు పడవ మీద వేటకెళ్తాడు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తర్వాత గుడ్డలు ఆరేస్తుంటే ఒకటి తక్కువైంది. అంతకుముందు ఒకటి కాలవలో కొట్టుకుపోతే డాక్టరమ్మగారు అందరి ముందూ నన్ను దొంగ అన్నారు. ఆ భయంతో మా ఆయన పాత పంచె చింపి, అదే కొలతకి కుట్టి, తీగ మీద వేసేశాను. లోపల ఉండిపోయిందేమోనని అనిపించలేదా? అనిపించింది. మీకు చెప్పాల్సింది అదే. అనిపించాకే చింపాను.

కొన్నాళ్లకి ఆ పిల్లని అత్తగారు మళ్లీ తీసుకొచ్చింది. జ్వరం, కడుపు ఉబ్బు. డాక్టరమ్మగారు మాత్రలు రాసి పంపేశారు. వరండాలో అత్తగారు నన్ను పట్టుకుంది.

“దీనికి తగ్గట్లేదేంటండీ, ఆయమ్మగారూ?”

“పథ్యం చెడగొట్టుంటాదండి. పులుపు తింటే కుట్లు చీము పట్టవా మరి?” అన్నాను.

“అనుకుంటానే ఉన్నానండి! పులుసు కుండ దగ్గర పిల్లిలా తిరుగుతాది ఇది,” అంటూనే పచ్చి బాలింత వీపు మీద ఒక్కటిచ్చింది.

“ముట్టుకోలేదండి అత్తయ్యగారూ, కారప్పొడి అన్నమేనండి. పిన్నిగారూ, మీరైనా చెప్పండి,” అని సత్యవతి నా చెయ్యి పట్టుకుంది.

విడిపించుకున్నాను. “ఆయ్, అందరూ ఇలాగే అంటారండి,” అన్నాను. నవ్వాను కూడా.

ఇంటికి తీసుకెళ్లి, పథ్యం పేరు చెప్పి గంజినీళ్ల మీద ఉంచారట. పాలు ఎండిపోయాయి. బిడ్డ పోయింది. తర్వాత కాకినాడలో కడుపు కోస్తే కుళ్లిన గుడ్డ వచ్చింది. గర్భసంచీ కూడా తీసేశారు.

ఆమె మొగుడు వినియోగదారుల కోర్టులో కేసు వేశాడు. గుడ్డ తక్కువైందని ఆసుపత్రి మనిషి ఒక్కరు చెప్పినా కేసు నిలుస్తుందని వాళ్ల ప్లీడరుగారు నన్ను బతిమాలారు. నేను గుడ్డలన్నీ సరిపోయాయని ప్రమాణం చేసి చెప్పాను. ఉద్యోగం పోతుందనా? అదొక్కటే కాదు, పంచె సంగతి బయటపడుతుందని. మధ్యలో ఏ నాటు మంత్రసాని చెయ్యి పెట్టి ఆ గుడ్డ వదిలేసిందోనని ఆసుపత్రి ప్లీడరు వాదించాడు. కేసు కొట్టేశారు.

కోర్టు బయట సత్యవతి నన్ను తిట్టలేదు.

“ఆసుపత్రి తప్పు లేదన్నారు కదండీ. ఇంక నేనే పులుపు తిని బిడ్డని చంపుకున్నానంటన్నారండి అత్తయ్యగారు. తినలేదని ఒక్క మాట చెప్పండి పిన్నిగారూ, అంతే చాలు.”

అత్తగారు అక్కడే, చెట్టు నీడన కూర్చుని ఉంది. నేను బస్సెక్కేశాను.

డాక్టరమ్మగారు ఈమధ్యే పోయారు. నన్ను భయపెట్టేవాళ్లు ఇంకెవరూ లేరు. అది చూసుకునే రాస్తున్నాను, ధైర్యమనుకోకండి. ఆ పిల్ల పులుపు ముట్టలేదు. గుడ్డ లోపలే ఉండిపోయింది, నాకు తెలుసు. ఇది రాశాక నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమెకి మాత్రం ఏమీ ఒరగదు. అక్షరాలు ఎక్కడైనా తప్పు పోయుంటే మన్నించండి.