చేతులకు అరిగిన అమ్మవారు

మేడం పోయారన్న కబురు కిరాణా కొట్టు ఫోనుకు వచ్చింది. కొట్టాయన ఇంటికొచ్చి చెప్పినప్పుడు పిండి కలుపుతున్నాను. ఆ చేతులతోనే నిలబడిపోయాను. రాజేంద్రనగర్‌లో వాళ్లింటి వసారాలో ఆమెను పడుకోబెట్టి ఉండడం చూసేదాకా నమ్మలేదు.

కాలేజీలో నాకు కళాచరిత్ర చెప్పారు మేడం. విగ్రహాలను జనం ఎలా చూస్తారని అందరూ రాస్తుంటే, ఎలా ముట్టుకుంటారో రాయాలని ఆమె పట్టుదల. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లు నాకు తెలుసని వెంటబెట్టుకుని తిరిగేవారు. కెమెరా తీసే ముందు చేతులు కడుక్కుని, అక్కడి ఆడవాళ్లను అడిగి, రాయిని తాకేవారు. "కళ్లు మూసుకోమ్మా. ఎక్కడ నున్నగా ఉందో చెప్పు," అనేవారు. నేను నవ్వితే నెత్తిన ఒక మొట్టికాయ.

మా మేనత్త ఊళ్లో అమ్మవారికి పసుపు రాసీ రాసీ మోకాళ్లు అరిగిపోయాయి. బిడ్డకు జ్వరమొస్తే తల్లులు ఆ మోకాలు నిమిరి, అదే చెయ్యి బిడ్డ నుదుటన పెట్టేవారు. మేడం దాని గురించి పత్రికలో ఎంతో ప్రేమగా రాశారు. ఊరి పెద్దలు చదివి మురిసిపోయారు. ఇంత పాత విగ్రహం ఇక అరగకూడదని ఇనుప చువ్వల తలుపు పెట్టించి తాళం వేశారు.

"నువ్వు రాసినంకనే గిట్లయింది మేడం. ఇగ దూరంకెల్లి దండం పెట్టుడేనా?" అంది అత్త. మేడం గుడి మెట్టు మీద కూలబడిపోయారు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పెద్దల చుట్టూ తిరిగారో. "అరిగిందంటే అంతమంది ముట్టుకున్నారనేగా అండీ. ఆ చేతులే లేకపోతే మిగిలేది రాయే," అని బతిమాలేవారు. వాళ్లు చాయ్ ఇచ్చి పంపేవారు. చివరిసారి దవాఖానలో చూసినప్పుడు కూడా, "తాళం తీశారా?" అనే అడిగారు. లేదన్నాను. మొహం గోడవైపు తిప్పుకున్నారు.

దహనమయ్యాక, మేడం పోయారని చెప్పడానికి అత్త దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే గుడికి లాక్కెళ్లింది. అమ్మవారు అందక ఆడవాళ్లు చువ్వలకే పసుపు రాస్తున్నారు. మోకాలికి ఎదురుగా ఉన్న చువ్వకు నీలం రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. పిల్లలకు జ్వరమొస్తే ఇప్పుడు దాన్నే నిమురుతున్నారట.

"తాళమేస్తే చేతులు ఊకుంటయా బిడ్డా? మేడంకు జర చూపియ్యాలె," అంటూ అత్త రోడ్డువైపు చూసింది. "ఏదీ, ఇంకా బస్సు దిగలేదా?"