ఊరు గీసిన గుడ్డ

నంద్యాలలో సలోమి పెట్టిన మొదటి చిత్రప్రదర్శనకు వచ్చినవాళ్లలో సగం మంది వాన తప్పించుకోవడానికి లోపలికి వచ్చినవాళ్లే. అది డెబ్బై ఆరో సంవత్సరం, శ్రావణమాసం. ఆమె బాలికల బడిలో డ్రాయింగ్ టీచరు. బస్టాండు పక్కన బోర్డులు రాసే ఖలందర్, ఆమె కలిసి ఒక పాత సత్రం గది ఊడ్చుకుని, గోడలకు మేకులు కొట్టి తమ బొమ్మలు తగిలించారు. కుందూ వరద, నెర్రెలిచ్చిన నల్లరేగడి, బేతంచెర్ల బండల గనుల్లో తెల్లటి దుమ్ము మధ్య కూర్చుని సద్ది తింటున్న కూలీలు, పొద్దుగూకే వేళకు నీలం తిరిగే నల్లమల.

తల తుడుచుకుంటూ ఒక ముసలి రైతు నల్లమల బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ కొండ మా వాకిట్లో నిలబడితే కనపడతాది గదమ్మా. దీన్ని జూసేకి ఈడిదాకా రావాల్నా?" అన్నాడు. వాన తెరిపి ఇవ్వగానే వెళ్లిపోయాడు.

ఖలందర్ పడి పడి నవ్వాడు. సలోమి కూడా నవ్వింది గాని, ఆ రాత్రి అన్నం తింటూ భర్త జాన్‌తో అదే మాట అంది. "ఆ పెద్దాయన అడిగిందాంట్లో తప్పేముంది? మనం ఎవురికోసం గీస్తాండాం?"

జాన్ దూదిమిల్లులో ఫిట్టరు. బొమ్మల సంగతి తనకు తెలియదని ముందే ఒప్పుకునే మనిషి. ఆదివారం ఆరాధన అయిపోగానే భార్యను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాలవగట్ల వెంట తీసుకుపోయేవాడు. రంగుడబ్బాలు కట్టుకుని ఖలందర్ ఇంకో సైకిలు మీద వచ్చేవాడు. వాళ్లిద్దరూ గీస్తుంటే జాన్ చెట్టుకింద తువ్వాల పరుచుకుని నిద్రపోయేవాడు. నాలుగేళ్లు అట్లాగే నడిచింది. సలోమి బతుకులో నెమ్మదిగా గడిచిన కాలం అదొక్కటే.

శ్రీశైలం దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారనీ, అది నిండితే ఎగువనున్న ఊళ్లు మునుగుతాయనీ జనం ఎన్నేళ్లుగానో చెప్పుకుంటూనే ఉన్నారు. ఎనభయ్యో సంవత్సరానికి ఆ మాట ఇంటి గుమ్మాల దాకా వచ్చింది. ఖలందర్ ఏదో అంగడి బోర్డు రాయడానికి జూపాడు బంగ్లాకు పోయి వచ్చి చెప్పాడు: "సలోమమ్మా, ఏటి ఒడ్డున గవ్వలరేవు అని ఒక ఊరుంది. వచ్చే ఏటికి ఉండదంట. ఆ ఒడ్డు, ఆ మెట్లు, ఆ వెలుతురు... మనం గీయకుంటే ఇంగెవురు గీస్తారు?"

దసరా సెలవుల్లో ముగ్గురూ పోయారు. ఏటిగట్టు మీద కూర్చుని సలోమి ఊరిని గీయడం మొదలుపెట్టింది. సున్నపు గోడల మిద్దెలు, ఊరి పెద్ద ఇంటి ముందు రాతి వరల బావి, రేవులోకి దిగే మెట్లు. నెత్తిన కట్టెలమోపుతో పోతున్న ఒక నడివయసు ఆడమనిషి ఆగింది. ఆమె పేరు రాములమ్మ.

"ఏంది చేస్తాండావమ్మా?"

"మీ ఊరు గీస్తాండా. నంద్యాల్లో పెడతా, జనం చూస్తారు."

"చూసి ఏం జేస్తారు? మా కొంపలు పోతాంటే మీకు సినిమానా?"

రాములమ్మ మోపు కింద పడేసి, వంగి, బొమ్మను పరకాయించి చూసింది.

"మా పాలెం ల్యా దీంట్లో."

"పాలెం యాడ?"

"అదో, ఆ తుమ్మచెట్ల యెనక. నీకు గూడా కనపల్యా?"

ఆ 'గూడా' అన్న మాట సలోమికి గుచ్చుకుంది. ఆళ్లగడ్డలో ఆమె పుట్టిందీ ఊరవతల, ఊరివాళ్లు ముట్టనివాళ్లుండే పాలెంలోనే. ఆమె తండ్రి గురుస్వామి శిల్పుల పనిపందిట్లో రాళ్లకు నునుపు పెట్టేవాడు. ఆ రాళ్లు దేవుళ్లయి గుళ్లలోకి పోయాక ఆయన గుమ్మం బయటే నిలబడేవాడు. అలాంటి ఇంటినుంచి వచ్చి, చదువుకుని, ఉద్యోగం చేస్తూ, ఊరిని గీయమంటే తానూ ఊరిముందు భాగమే గీసింది. తుమ్మచెట్ల వెనక చూడాలని తోచనే లేదు.

కుంచె రాములమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే గియ్యి."

రాములమ్మ మొదట నవ్వి తల తిప్పింది. తర్వాత కుంచె పక్కన పెట్టి, వేలిని రంగులో ముంచి, తన గుడిసెను గీసింది. ఏటా పండగకు ఎర్రమన్నుతో, సున్నంతో గోడలు అలికి ముగ్గులేసే వేలు అది. ఎక్కడా తడబడలేదు.

పని అక్కడినుంచే మారింది. జాన్ మిల్లునుంచి దూదిబేళ్లకు చుట్టే ముతకగుడ్డ తాను ఒకటి తెచ్చాడు. చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి, ఆ ఊరి బడి వరండాలో పరిచారు. ఎవరి ఇల్లు వాళ్లు గీయాలి, ఎవరికి ఏది పోతుందని బెంగగా ఉంటే, ఏది కావాలనిపిస్తే అది గీయాలి. ఎర్రమన్ను, సున్నం, పొయ్యిమసి, పసుపు, నీలిమందు, వీటితోనే. ఊరు ఊరంతా మొదట నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒకాయన ఇల్లు వదిలేసి చచ్చిపోయిన తన ఎద్దును గీసుకున్నాడు. ఏట్లో పుట్టి నడిపేవాడు నీళ్లు గీసి, ఆ నీళ్లమీద ఇంకా నీళ్లు గీస్తుంటే ఖలందర్ చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పాలెంవాళ్లు మధ్యాహ్నం పూట, ఊరివాళ్లు లేని వేళ చూసుకుని వచ్చేవాళ్లు. అట్లా రమ్మని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తెలుసు.

ఊరి పెద్ద భార్య వెంకటలక్ష్మమ్మ సలోమిని బాగానే చూసుకుంది. అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. తాగాక ఆ గ్లాసు సలోమి తానే కడిగి, గోడవారగా బోర్లించేది. ఎవరూ అడగకపోయినా, చిన్నప్పుడు తల్లి నేర్పిన అలవాటది. వెంకటలక్ష్మమ్మ కూడా తన ఇల్లు తానే గీసింది. మిద్దె, తలవాకిలి, వాకిలి ముందు బావి. గీసినంతసేపూ ఆమె ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగింది.

గుడ్డ ముగిసేనాటికి ఆ బావి గిలకదగ్గర ఒక మనిషి వచ్చి చేరింది. ఎర్రచీర, చేతిలో చేంతాడు, చంకలో బిందె. బుగ్గమీద పెద్ద పుట్టుమచ్చ. రాములమ్మ తనను తానే గీసుకుంది.

వెంకటలక్ష్మమ్మ చూసింది. "ఎవురే ఇది?"

"నేనేనమ్మా," అంది రాములమ్మ వరండా మెట్టుకింద నిలబడి.

"నా బాయికాడ నువ్వెప్పుడు నీళ్లు చేదినావ్?"

"ఎప్పుడూ ల్యా. ఎవురికి ఏది గావాల్నో అది గీయమనింది టీచరమ్మ. నాకు ఇది గావాల్నని ఉండె."

"టీచరమ్మా, చెరిపెయ్యి దాన్ని."

"మీ ఊరి బాయే రేపు ఏట్లో గలుస్తాది," అంది రాములమ్మ. గొంతు పెంచలేదు. "కృష్ణమ్మ వచ్చి దాంట్లో దూరినంక అది ఎవురి బాయమ్మా? అప్పుడు మైల యాడుంటాది?"

అందరూ సలోమి వైపు చూశారు. సలోమి గుడ్డకు అడ్డంగా వచ్చి నిలబడింది. "గుడ్డ మీ అందరిదీ. ఒకరు గీసింది ఇంకొకరు చెరిపేది లేదు," అంది.

వెంకటలక్ష్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు గూడా ఆ పాలెమోళ్లే గదా. నాదే బుద్ధి తక్కువ," అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో బస్సులో ఖలందర్ నచ్చజెప్పాడు. "ఆ బొమ్మమీద రెండు పూతలు సున్నం పూసేద్దాం సలోమమ్మా. కింద బొమ్మ ఉంటాది, యాడికీ పోదు. ఆ పెద్దింటి మనుషులు మంచోళ్లు గాదు. గుడ్డ బతకాల్నా వద్దా?"

"సున్నం పూసి బతికిస్తే అది ఏం బతుకన్నా?"



సంక్రాంతి దాటాక నంద్యాలలో ప్రదర్శన పెట్టారు. ఈసారి వాన లేకపోయినా జనం కిక్కిరిశారు. గది చుట్టూ గోడలకు గుడ్డ తిప్పి కట్టారు. పాలెంవాళ్లు లారీ మాట్లాడుకుని వచ్చారు. తమ ఇళ్లమీద చేతులు పెట్టి పిల్లలకు చూపించారు. రాములమ్మ మాత్రం తన బొమ్మదగ్గర నిలబడకుండా పుట్టి నడిపేవాడి నీళ్లనే చూస్తూ ఉండిపోయింది.

రెండో రోజు సలోమి బడిలో పాఠం చెప్తుండగా కబురొచ్చింది. పరుగున వచ్చి చూస్తే గుడ్డ మధ్యలో, బావి ఉన్నచోట, చాపంత చిల్లు. చిల్లులోనుంచి సత్రం గోడ కనబడుతోంది. ఊరి పెద్ద తాలూకు కుర్రవాళ్లు కత్తితో కోసుకుపోయారు. అడ్డుపోయిన ఖలందర్‌ను తోసేస్తే మెట్లమీద పడ్డాడు. కుంచె పట్టే చేతి మణికట్టు విరిగింది.

ఆసుపత్రి బల్లమీద కూర్చుని అతను ఒక్కటే అన్నాడు. "సున్నం పూసింటే పోయేది గదమ్మా." అందులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో అనిపించింది సలోమికి. ఎముక అతికింది గాని, చెయ్యి మునుపటిలా తిరగలేదు. బోర్డులమీద అక్షరాలు వంకరపోసాగాయి. చివరికి ఖలందర్ అంగడి మూసి, తమ్ముడి గాజుల దుకాణంలో కూర్చున్నాడు. సలోమి అప్పుడప్పుడూ పలకరించబోతే టీ తెప్పించి, పిల్లల చదువుల గురించి మాట్లాడేవాడు. బొమ్మల మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ ఎండాకాలంలోనే గవ్వలరేవు ఖాళీ అయింది. వానలకు నీళ్లొచ్చాయి. ఊరివాళ్లు బంధువులున్నచోటికి, పాలెంవాళ్లు కూలి దొరికినచోటికి పోయారు. ఊళ్లో గొడవలు రేపిందని సలోమి మీద ఎవరో ఫిర్యాదు చేశారు. ఆమెను ఆళ్లగడ్డకు బదిలీ చేశారు. కారణం చెప్పినవాళ్లు లేరు. జాన్ మిల్లుపని నంద్యాలలో, ఆమె ఉద్యోగం ఆళ్లగడ్డలో. వారానికొకసారి అతను బస్సులో వచ్చిపోయేవాడు. "నీ తప్పేం లేదు," అనేవాడు వచ్చిన ప్రతిసారీ. అంతగా చెప్పాల్సి వస్తున్నదంటేనే ఏదో ఉందని ఆమెకు అనిపించేది. ఖలందర్ చెయ్యి ఆమె కళ్లముందు మెదిలేది. అదే వరండాలో మళ్లీ నిలబడితే సున్నం పూయనిస్తానా అని తనను తాను ప్రశ్నించుకునేది. ఒకనాడు ఔననీ, ఒకనాడు కాదనీ జవాబు వచ్చేది. మూడేళ్లు ఆమె బడిలో తప్ప ఎక్కడా గీత గీయలేదు.

ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం వెంకటలక్ష్మమ్మ వచ్చింది. సలోమి మొదట గుర్తుపట్టలేదు. భర్త పోయాడు, నుదుట బొట్టు లేదు, మనిషి సగమైంది. కోయిలకుంట్లలో కూతురి దగ్గర ఉంటోందట.

"ఆ గుడ్డ ఉందా నీకాడ?" అని అడిగింది నిలబడే.

"ఉంది. మీ ఇల్లు లేదు దాంట్లో. మీవాళ్లే కోసుకపోయిరి."

"కాల్చేసినారు. బాయితోపాటు నా మిద్దె గూడా ఉండెనని నాకు అప్పుడు తోచల్యా. తోచినాక చానా ఏడ్చినా." గుమ్మం పట్టుకుంది. "మల్లీ గీస్తావా? ఊరికే ఇల్లే. నా ఇల్లు నాకు కల్లోకి గూడా రాదమ్మా ఇప్పుడు."

సలోమికి కోపం పొంగింది. ఖలందర్ చెయ్యి గురించి చెప్పింది. వెంకటలక్ష్మమ్మ తల వంచుకుని విన్నది. ఆ కుర్రవాళ్లను తాను పంపలేదనలేదు, పంపాననీ అనలేదు. సలోమి లోపలికి పోయి గుడ్డముక్క, రంగులు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "నాకు జ్ఞాపకం లేదు. మీరే గీసుకోండి."

ముసలామె చాపమీద కూర్చుని తలవాకిలి గీసింది. గడపకు పసుపు పెట్టింది. కిటికీ దగ్గర ఆగిపోయింది. కుడివైపా, ఎడమవైపా? ఎంతసేపు కళ్లు మూసుకున్నా రాలేదు. రంగు ఆరిపోయింది. "బస్సు టయమాయ," అని లేచి, ఉట్టి తలుపు మాత్రం ఉన్న ఆ ముక్కను వదిలేసి వెళ్లిపోయింది. తర్వాత రాలేదు.

చాలా రోజులు ఆలోచించి సలోమి ఆ ముక్కను చిల్లులో పెట్టి కుట్టింది. ఎనభై ఆరు ఎండాకాలంలో బడి హాల్లో గుడ్డను మళ్లీ కట్టి, తెలిసినవాళ్లందరికీ కబురు చేసింది. వచ్చింది కొద్దిమందే. ఖలందర్ రాలేదు, కొడుకును పంపాడు. రాళ్ల కార్ఖానాలో తట్టలు మోస్తున్న రాములమ్మ పనినుంచి నేరుగా వచ్చింది. ఒళ్లంతా రాతిదుమ్ము. తెల్లటి ముక్క ముందు నిలబడి, ఆ తలుపు ఎవరు గీశారని అడిగింది. సలోమి చెప్పింది.

"నన్ను మల్ల గీయల్యా?"

"నువ్వే గీస్తావేమోనని జాగా ఉంచినా." సలోమి రంగు గిన్నె చాచింది.

రాములమ్మ తలుపును చాలాసేపు చూసింది. "వద్దులేమ్మా. తలుపు మూసే ఉంది గదా," అంది. గిన్నె ముట్టుకోలేదు. తన గుడిసె దగ్గరికి పోయి, దుమ్ముచేతిని చీరకు తుడుచుకుని, వేలితో ఒకసారి తడిమి, మళ్లీ పనికి వెళ్లిపోయింది.

గుడ్డను ఎవరూ తీసుకుపోలేదు. పెట్టుకోవడానికి అంత గోడ ఎవరికీ లేదు. సలోమి వేపాకు వేసి మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది. గవ్వలరేవు వాళ్లు ఎవరైనా ఆళ్లగడ్డ మీదుగా పోతూ అడిగితే తీసి, మిల్లుపని మాని వచ్చేసిన జాన్ ఒక కొస, తాను ఒక కొస పట్టుకుని చూపిస్తుంది. అడిగేవాళ్లు ఏటేటికీ తగ్గిపోతున్నారు.