వెనక చాప మీద మార్తమ్మక్క

నిన్న మా ఆవిడ కొత్త జీన్సు ప్యాంటును మొదటిసారి బకెట్లో నానబెట్టింది. నీళ్ళు నీలంగా మారాయి. తడిసిన ముతక గుడ్డ వాసన స్నానాల గది దాటి వంటింటి దాకా వచ్చింది. అన్నం కలుపుతున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది. ఏమైందని ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను గానీ, అప్పటికే ఆ వాసన నన్ను సిరుగుప్ప నుంచి బళ్ళారికి, అక్కడ నేను ఏడాదికి పైగా పనిచేసిన జీన్సు వాషింగ్ యూనిట్‌కి లాక్కుపోయింది. ఆ యూనిట్‌లో నాకు పని నేర్పిన మనిషి మార్తమ్మక్క. ఆమె గురించి రాయాలని ఇదివరకు చాలాసార్లు కూర్చున్నాను. ఆమె సంగతి రాస్తే నా సంగతీ రాయాల్సి వస్తుంది. అందుకని ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయాను.

నేను మొక్కు మీద బతికిన బిడ్డను. పసివాడిగా ఉన్నప్పుడు ఊపిరి అందక డొక్కలు ఎగరేసేవాడినట. ఆశలు వదులుకొమ్మని అందరూ అంటున్న రోజున మా అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని, వీడు బతికితే నీ సేవకే ఇచ్చేస్తానని ప్రభువుకు మాటిచ్చింది. అమ్మ పుట్టింటివాళ్ళు అమ్మవార్లకు మొక్కి, తూచా తప్పకుండా తీర్చే మనుషులు. అమ్మ చర్చికి వచ్చాక ఆరాధన మారింది గానీ, మొక్కంటే ఆమెకున్న భయం మారలేదు. మాట తప్పితే ఇచ్చినవాడే తిరిగి తీసుకుంటాడని ఆమె నమ్మకం. సంఘంలో పెద్దలు నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఏం సేవకుడా" అనేవాళ్ళు. చిన్నప్పుడు అది గర్వంగా ఉండేది. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి ఆ మాట వినబడితే వేరే సందులోకి తిరిగిపోయేవాణ్ణి. దేవుడు నన్ను పిలిచినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు. ఆ పిలుపు ఊరందరికీ వినబడింది, నాకు తప్ప.

డిగ్రీ అయ్యాక, సేవకుల శిక్షణకు, అంటే పాస్టర్ల చదువుకు, వెళ్ళేలోగా ఖాళీగా ఎందుకని యూనిట్‌లో చేరాను. మార్తమ్మక్క మా చర్చి మనిషే. స్త్రీల కూడికను నడిపేది ఆమే. యాభై దాటిన సన్నని మనిషి, నవ్వడానికి కూడా తొందరపడేది కాదు. బ్లీచు పెట్టి ఉతికిన ప్యాంట్లను నమూనా గుడ్డ పక్కన పెట్టి, రంగు సరిపోయిందో లేదో తేల్చడం ఆమె పని. నేను చేరిన మొదటి వారంలోనే ఒక తడి ప్యాంటు చూసి, రంగు ఇంకా ముదురుగా ఉందనుకుని, మొత్తం సరుకును మరోసారి బ్లీచులో వేయించాను. ఆరాక చూస్తే అన్నీ తెల్లగా పాలిపోయాయి. యజమాని నన్ను అందరి ముందూ నిలబెట్టి ఉతికి ఆరేశాడు. మార్తమ్మక్క నన్ను వెనకేసుకు రాలేదు. ఆయన వెళ్ళాక మాత్రం, "తిట్లు తిన్న్యావు కదా, ఇంక అన్నం తిను పో" అంది. తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని ఒక తడి ప్యాంటు నా చేతిలో పెట్టింది.

"తడి గుడ్డ రంగు నమ్మద్దప్పా. ఆరేదంకా ఉండు. రంగు తీసేకి వస్తాది, తీసినంక మళ్ళ ఎక్కిచ్చేకి రాదు."

"అంతసేపు మిషను ఖాళీగా ఉంటుంది కదక్కా."

"ఉండనీ. మిషనుకు లేని జల్దీ నీకేంది?"

మరుసటి వేసవిలో ప్రతిష్ఠ ఆరాధన అని పాస్టరయ్య ప్రకటించాడు. ఆ ఆదివారం నేను సంఘం ముందు నిలబడి, నన్ను నేను సేవకు అప్పగించుకుంటున్నానని చెప్పాలి. ఆ మర్నాడే శిక్షణకు రైలు. అమ్మ తెల్లచొక్కా గుడ్డ తెచ్చి కుట్టించింది. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు పట్టుకుంది. బ్లీచు ఘాటు వల్ల అక్కడ పనిచేసేవాళ్ళలో దగ్గనివాడు లేడు. అమ్మకు మాత్రం అది వేరేగా వినబడేది. నేను దగ్గిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి నా వైపు చూసేది. "ఆయన గుర్తు చేస్తాండాడు రా, మర్చిపోవద్దని" అనేది. పోను పోను నాకూ భయం పట్టుకుంది. గొంతు గరగరమంటే చాలు, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి లెక్క చూసుకునేవాణ్ణి. సేవ ఇష్టమై వెళ్ళడం వేరు, చావుకు భయపడి వెళ్ళడం వేరు. నేను రెండోదానికి సిద్ధమవుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

ఒకరోజు ఉండబట్టలేక మార్తమ్మక్కను అడిగేశాను. "నువ్వే చెప్పక్కా. పోనా, వద్దా?"

ఆమె ప్యాంట్లు మడతపెడుతూనే ఉంది. "నేను చెప్పను."

"ఎందుకు?"

"నేను చెప్తే నా మాట ఇన్నట్ల. రేపు కష్టం వస్తే నన్ను తిట్టుకుంటావు. మీ అమ్మ చెప్పిందని పోతే మీ అమ్మను తిట్టుకుంటావు. నిన్ను నువ్వే ఇచ్చుకోవల్లప్పా. ఇంగొకరు ఇచ్చేకి నువ్వేమన్నా కోడిపిల్లవా?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"మద్యాన్నం అన్నం తిన్నంక అరగంట సుమ్నె కూర్చో. ఏమీ అడగద్దు."

"ప్రార్థన కూడా చెయ్యొద్దా?"

"అదే ప్రార్థన. ఇన్నాళ్ళూ నువ్వు చేస్తాండేది బేరం."

సుమ్నె అంటే కన్నడంలో ఊరికే అని. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గానీ తెలియదు. గోడౌన్లో గుడ్డ మూటల మీద నేను, ఎదురుగా గోడకు ఆనుకుని ఆమె. మొదటి వారమంతా నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం తరుముకొస్తుంటే ఈమె నన్ను మూట మీద కూర్చోబెట్టిందేమిటని విసుక్కున్నాను. ఒక మధ్యాహ్నం ఆ విసుగుతోనే, "ఇట్లా కూర్చుంటే నీకేం దొరికిందక్కా?" అని అడిగాను.

 ఆమె ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. యశ్వంతనగర్ ఇనప గనిలో పనిచేసే ఆమె భర్త లారీ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడట. అప్పటికి ఆమె నర్సు చదువులో సీటు తెచ్చుకుని ఉంది. రోగుల సేవే తన బతుకని అనుకున్న మనిషి, సీటు వదిలేసి ఒక్క రోగి దగ్గరే, ఆయన పోయేదాకా, తొమ్మిదేళ్ళు ఉండిపోయింది.

"ఐదేండ్లు దేవునితో కొట్లాడినా. లేపితే అది చేస్తా, ఇది చేస్తా అని. ఒగదినం ఆయప్పకు నీళ్ళు పోస్తాంటే నాకే సాకైపాయ, ఇంక చాలనిపించె. సరే, నీ ఇష్టం అంటి. అంతే."

"అప్పుడు ఆయన లేచినాడా?"

"లేదప్పా. నేను లేచినా."

ఆదివారం రానే వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నా తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది. అమ్మ మొదటి వరసలో, చేతులు జోడించి, నేను ముందుకు నడుస్తుంటే పెదాలు కదుపుతూ ఉంది. మార్తమ్మక్క స్త్రీల పక్క కుర్చీలో తలవంచుకుని ఉంది, నా వైపు చూడనే లేదు. పాస్టరయ్య నా గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. ఆఖరికి, నిన్ను నువ్వు సంపూర్ణంగా అప్పగించుకుంటున్నావా అని మైకు నా నోటి దగ్గర పెట్టాడు. అవును అనాలి, అంతే. ఆ ఒక్క మాట అనేస్తే అమ్మకు ఇరవై మూడేళ్ళ బరువు దిగిపోతుంది. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. అమ్మ ముఖంలో రంగు పోవడం కనిపించింది.

"అయ్యా, నాకింకా పిలుపు రాలేదు. వచ్చేదాకా దేవుని కోసం కనిపెట్టుకుని ఉంటాను" అన్నాను.

 అమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

మూడో రోజుకు నాకు జ్వరం, దానితోపాటు ఆయాసం. ఆసుపత్రిలో ఊపిరికి మందు పట్టి, ఆ బ్లీచు దగ్గర పని మానేయమని డాక్టరు చెప్పాడు. అమ్మ డాక్టరు మాట వినలేదు, నా డొక్కలనే చూస్తోంది. నాకు కూడా, దాచడమెందుకు, ఇక పోతానేమోనని వణుకు పుట్టింది. ఆ మధ్యాహ్నం మార్తమ్మక్క మా ఇంటికి వచ్చింది. గడప దాటకముందే అమ్మ ఆమెను పట్టుకుంది.

"నువ్వే గదా నా కొడుకు మనసు ఇరిచినది? దినామూ గోడౌన్లో కూర్చోబెట్టి ఏం నూరిపోసినావు? వానికేమన్నా అయితే ఎవురు తెచ్చిస్తారు?"

మార్తమ్మక్క గడపలో నిలబడి ఒక్కసారి నా వైపు చూసింది. ఆమె నాకేమీ చెప్పలేదనీ, చెప్పమని బతిమాలినా చెప్పలేదనీ నేను అనాలి. అనడానికి ఊపిరి ఉంది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

"అవునమ్మా" అన్న ఆమె గొంతు వినబడింది. "తప్పు నాదే. నన్ను అను."

అమ్మ అంది. నోటికి వచ్చినదంతా అంది. ఆమె చివరిదాకా విని, "పిల్లోనికి గంజి తాపియ్యి" అని చెప్పి వెళ్ళిపోయింది.

నాకు వారంలో తగ్గింది. ఆమెకు మాత్రం ఆ రోజుతో మొదలైంది. సేవకు వెళ్ళే బిడ్డను చెడగొట్టిందన్న మాట సంఘమంతా పాకింది. స్త్రీల కూడిక ఆమె చేతిలోంచి తీసేశారు. కుర్చీ మాత్రం తీసేయలేదు గానీ, పక్కన కూర్చునే ఆడవాళ్ళు లేచి వేరే చోటికి పోతుంటే ఆమే వెనక్కి, వాకిలి దగ్గర వేసిన చాప మీదికి మారింది. రెండేళ్ళు ఆ చాప మీదే కూర్చుంది. నేను సిరుగుప్పలో రైస్ మిల్లు పనికి మారాను. ఆదివారాలు బస్సెక్కి బళ్ళారికి, అమ్మ దగ్గరికీ చర్చికీ వచ్చేవాణ్ణి. బస్సు దిగేదాకా ఈ వారం చెప్పేస్తాననే అనుకునేవాణ్ణి. ఒకసారి మెట్ల దగ్గర ఆమెతోనే అన్నాను, అమ్మకు నిజం చెప్పేస్తానని.

"ఇప్పుడు యాలప్పా? మీ అమ్మ నీకు అన్నం పెడతాంది గదా. సుమ్నె ఉండు" అంది.

నాకు కావలసిన మాటే అది. దాన్ని పట్టుకుని వేలాడాను.

మార్తమ్మక్క ఒక వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. సమాధుల తోటలో జనం తక్కువ. మట్టి వేశాక అందరూ వెళ్ళిపోయారు, అమ్మ మాత్రం కదల్లేదు. ఆమె ఏడుస్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఇక ఆగలేక, "అమ్మా, ఆమె నాకేమీ చెప్పలేదు. ఆ ఆదివారం మైకులో అన్నది నా మాటే" అన్నాను.

"నాకు తెలుసు" అంది అమ్మ.

ఏం తెలుసో నాకు అర్థం కాలేదు.

"నిద్ర పోయినోని రెప్పలు అట్ల అదరవు రా. నువ్వు దొంగనిద్ర పోతాండావని ఆ పొద్దే తెలుసు నాకు. నీ మీద కోపం పెట్టుకుంటే నిన్ను సాకలేను. దేవుని మీద పెట్టుకునేకి భయం. ఆయమ్మ 'నన్ను అను' అనె, నేను అంటి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అనకపోయింటే నాకు పిచ్చి పట్టేది."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇంటికి నడిచాం.

నేను సేవకుణ్ణి కాలేదు. ఆ మైకులో మాటిచ్చిన ప్రకారం ఇంకా కనిపెట్టుకునే ఉన్నాను, పిలుపు ఇదీ అని ఈనాటికీ చెప్పలేను. బతుకుకు అర్థమేమిటని చర్చిలో కుర్రవాళ్ళు అడిగితే మార్తమ్మక్క పేరు చెబుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడెవరని అడుగుతారు. అప్పుడు నా దొంగనిద్ర సంగతితో సహా మొత్తం చెబుతాను. చెప్పినప్పుడల్లా ముఖం వేడెక్కుతుంది. తనది కాని తప్పును ఆమె తనదేనని తీసుకుంటే మా ఇల్లు నిలబడింది, ఆ ఇంట్లో నేను రెండేళ్ళు కడుపునిండా అన్నం తిన్నాను. ఆ సిగ్గు ఇంకా నాతోనే ఉంది. దాన్ని తీసెయ్యమని నేను దేవుణ్ణి అడగడం లేదు.