చిన్నమ్మ కడిగిన కుండ

మొన్న మా మనవరాలు పిజ్జా చేస్తానని వంటగదిలో చేరి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు చక్కెర కలిపి, పొట్లం చించి ఆవాలకన్నా సన్నని ఈస్టు పలుకులు చల్లింది. కాసేపటికి నీళ్లు మసకబారి, అడుగునుంచి బుడగలు లేచి, పైన మీగడలాంటి నురగ కట్టింది. ఆ పుల్లని, తియ్యని, కొంచెం మత్తు వాసన తగలగానే నేను తరుగుతున్న ఉల్లిగడ్డలు వదిలేసి అక్కడే నిలబడిపోయాను. "జేజీ, ఇవి ప్రాణమున్నవి తెలుసా? చక్కెర తిని గాలి వదుల్తాయి. ఆ గాలికే పిండి పొంగుతాది" అంది. తెలుసమ్మా అన్నాను. నేను పుట్టి పెరిగిందే ఆ వాసనలో.

హిందూపురంలో మా ఇంటి ముందరగది బన్నుల అంగడి, వెనక మట్టి బట్టీ, ఆ రెంటి నడుమ మా కాపురం. చింతమొద్దుల పొగ, వేడి రేకుల చప్పుడు, బన్నుల్లో వేసే సోంపు ఘుమఘుమ మా బట్టల్లోకి, తలవెంట్రుకల్లోకి కూడా ఎక్కి ఉండేవి. వానాకాలం తడిసిన పావడాలు బట్టీ గోడమీద ఆరేవి, చలికాలం పిల్లలం ఆ గోడకే పిల్లుల్లాగా వీపులు ఆనించి కూర్చునేవాళ్లం. మాడిన బన్నులు మా వంతు. నలుపు గీకేసి టీలో ముంచుకుని తింటుంటే, బాగున్నవి కొనుక్కునేవాళ్లను చూసి జాలేసేది.

అప్పటికి ఈస్టు పొట్లాలు మా అంగడికి రాలేదు. కొన్ని అంగళ్లలో ఈతకల్లు పోసి పిండి పొంగించేవాళ్లు, కానీ మా నాయన తల్లి, ఫకీరమ్మవ్వ, కల్లును గడప దాటనిచ్చేది కాదు. మాకు ఖమీరే దిక్కు. అంటే, పులిసిన పిండి కొంచెం కళాయి పెట్టిన ఒక ఇత్తడి కుండలో మిగిల్చి, దానికి రోజూ పిడికెడు మైదా, చిటికెడు చక్కెర, గోరువెచ్చని నీళ్లు పెట్టి బతికించుకోవడం. అవ్వ ఆ కుండను తన అత్త చేతినుంచి అందుకుందట. ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. పసిబిడ్డకు పోసే నీళ్లను చూసినట్టు మోచేయి ముంచి వేడి చూసుకునేది. "కాలితే చస్తాది, చల్లగైతే నిద్దరపోతాది. ఆకలైతే మాత్రం పుల్లగా ఏడుస్తాది" అనేది. మాకేమో ఆ కుండ ఆటవస్తువు. చెవి ఆనించి, లోపల బుడగలు చిటచిటమంటుంటే ఎవరికి ముందు వినపడిందో వాళ్లు గెలిచినట్టు.

ఆ ఏడు మా చిన్నాయనకు ధర్మవరం పిల్లతో పెళ్లయింది. చిన్నమ్మ పుట్టిల్లు పట్టుమగ్గాల ఇల్లు. చేతికి రవ్వంత జిడ్డున్నా చీర చెడుతుందని అక్కడ గోళ్లనుంచి గడపదాకా అన్నీ తళతళలాడాల్సిందే. ఆమె వచ్చి నెల తిరక్కముందే మా ఇంట్లో మసిగిన్నె అన్నది లేకుండా పోయింది.

పెనుకొండ ఉరుసు ఎల్లుండి అనగా అవ్వ మైదా తేవడానికి పోయింది. ఉరుసుకు మొదటి గంప బన్నులు దర్గా దగ్గరి ఫకీర్లకు పెట్టడం తాత మొక్కు. అది ఒక్క ఏడూ తప్పలేదు. అవ్వ వచ్చేలోగా సాయం చేద్దామని చిన్నమ్మ, మూలనున్న కుండలోని బూడిదరంగు జిగురంతా కాలవలో పారబోసి, చింతపండు, బూడిద పెట్టి తోమి, ఎండకు బోర్లించింది.

"నా కుండ యాడ?" అంది అవ్వ వస్తూనే.

"కడిగి పెట్టినాను అత్తా, ఎంత కంపు కొడ్తాండె!" అంది చిన్నమ్మ సంబరంగా.

అవ్వ సంచి వదిలేసి నేలమీద కూలబడింది. చిన్నాయన మెల్లగా, "అమ్మా, ఈ ఒక్కసారికి కల్లు తెస్తా" అన్నాడు.

"తే నాయనా, తే. ఫకీర్లకు కల్లు బన్ను పెట్టి, నన్ను ఆడనే పూడ్చిపెట్టి రా." అని చిన్నమ్మవైపు తిరిగింది. "నువ్వు మూట కట్టుకోమ్మే. ఉరుసు కాంగానే ధర్మవరం రైలెక్కిస్తా. ఆడ పట్టుచీరలు తోముకుందువు."

చిన్నమ్మ వెక్కుతూ చెప్పింది. "తొట్టి కూడా కడగల్లనుకొంటి అత్తా, అంతలోకే మీరొస్తిరి."

"పిండి పిసికే తొట్టి కడగల్యా నువ్వు?"

"లేదత్తా. కొయ్య సందుల్లో ఎండిన పిండి ఇరుక్కోని ఉండాది. ఇప్పుడే తోమేస్తా…"

"దాన్ని ముట్టుకుంటే చేతులిరగ్గొడ్తా!" అని అవ్వ లేచి పరుగెత్తింది.

తలపిన్నుతో తొట్టి సందులు గీకితే గుప్పెడు పెచ్చులు రాలాయి, అన్నీ పాత ఖమీరు కలిసిన పిండివే. వాటిని పొడిచేసి, అద్దంలాగున్న ఆ కుండలోనే మైదాతో, చక్కెరనీళ్లతో కలిపింది. వెచ్చగా ఉంచాలి, గొంగడి తెమ్మంది. చిన్నమ్మ తన పెళ్లిచీర తెచ్చింది.

"పట్టుకు జిడ్డంటుతాదే!"

"అంటనీలే అత్తా."

చిన్నమ్మే కుండకు చీర చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బట్టీ గోడకు ఆనుకుని కూర్చుంది. మరుసటిరోజు మధ్యాహ్నమైనా అందులో ఉలుకు లేదు, పలుకు లేదు. గడప పక్కన ఆమె కట్టిపెట్టుకున్న మూట అట్లాగే ఉంది. పొద్దు వాలుతుండగా నేను అలవాటుగా కుండకు చెవి పెట్టాను. చిట్ మంది. మళ్లీ చిట్.

"అవ్వా, మాట్లాడ్తాంది!"

ఉరుసునాడు పొద్దున్నే చూస్తే ఖమీరు కుండ నిండి, పొర్లి, పట్టు అంచుమీదికి జారింది. ఆ మరక ఎన్నటికీ పోలేదు. అవ్వ ఆ మూట తనే విప్పి, చీరలు దండెం మీద వేసి, "రేపట్నుంచి దీనికి కూడు నువ్వే పెట్టు" అంది. బన్నులు ఆ ఏడు కొంచెం పుల్లగా ఉన్నాయి. అయినా గంప పెనుకొండ చేరింది.

అవ్వ పోయిన తరువాత కూడా చాలా ఏళ్లు చిన్నమ్మ ఆ కుండను సాకింది. పొట్లాలొచ్చినాక ఇంకెందుకీ చాకిరీ అన్నాడు చిన్నాయన. నిజమే, పొట్లం గంటలో పని ముగిస్తుంది. ఆ రోజు చిన్నమ్మ మళ్లీ చింతపండు, బూడిద తెచ్చుకుని కుండను తోమి ఎండకు బోర్లించింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. అనేవాళ్లు లేకనే కాబోలు, చాలాసేపు దాని పక్కనే కూర్చుంది. ఇప్పుడు బట్టీ లేదు, తొట్టి ఎప్పుడో పొయ్యిలోకి పోయింది, అంగట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చిన్నమ్మ కూడా లేదు.

మనవరాలు నురగను పిండిలో వంచి, గ్లాసును కొళాయి కింద పెట్టబోయింది.

"ఉండనీమ్మా, కడగొద్దు" అన్నాను.

అడుగున రవ్వంత మిగిలి ఉంది. చిటికెడు చక్కెర తీసుకుని, గిన్నెలో నీళ్లు కాచి, ఎంత వెచ్చగా ఉన్నాయో మోచేయి ముంచి చూశాను.