సంతరోజు తెరిచే ఆఫీసు

నా భార్య ఎనిమిది నెలలు నాకు చెప్పలేదు. చెప్పేనాటికి డాక్టర్లు చేయగలిగిందేమీ మిగల్లేదు. గర్భసంచి క్యాన్సర్. ఇంట్లో ఇద్దరమే. రోజూ సాయంత్రం చదివిన పుస్తకాల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. ఆ ఒక్క మాట మాత్రం ఆమె నాతో అనలేకపోయింది.

ఆమె పోయిన ఆరు నెలలకు, మహిళల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెడుతున్న కొత్త కార్యాలయం ఒకటి ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోటికి వస్తోందని తెలిసింది. అడిగి మరీ అక్కడికి సూపరింటెండెంటుగా వేయించుకున్నాను. ఆడోళ్ల ఆఫీసుకు మీసాల సారేంది అని ఖమ్మంలో తోటి ఉద్యోగులు నవ్వారు. నవ్వనిచ్చాను.

సంత జరిగే మైదానం పక్కన రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మణుగూరు నుంచి ఒక నర్సు వచ్చింది. దగ్గరి తండా నుంచి నడివయసు ఆవిడ అటెండరుగా చేరింది. పై నుంచి ఒకటే షరతు: మూడు నెలల్లో ఆడవాళ్లు రాకపోతే కార్యాలయాన్ని ఖమ్మం తరలిస్తారు. వస్తారని నాకు నమ్మకం. గోడకు పెద్ద బోర్డు పెట్టించాను. ఏయే బాధలకు రావచ్చో దాని మీద నేనే రాయించాను: తెల్లబట్ట, అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం. దాచుకునే మాటలను బయట పెట్టాలన్నది నా ఉద్దేశం.

నెల గడిచింది. పింఛను కాగితాలు ఇక్కడేనా అని అడగడానికి తప్ప ఎవరూ రాలేదు. ఒకరోజు అటెండరు నా బల్ల ముందు నిలబడింది.

"ఒకటి చెప్తా సార్, ఏమనుకోవద్దు. గా బోర్డు కింద నుంచి లోపలికొస్తే నాకేం రోగముందో బజారంతా చెప్పినట్టే గద. లోపలికి రాంగనే ఎదురుంగ మీరు కూసుంటిరి. మా ఆడోళ్లు సంతకు తప్ప ఇటు రారు. సంత ఆదివారం, ఆ రోజు మీరు తాళమేస్తిరి."

ఏం చేద్దామని అడిగాను.

"బోర్డు తీసేయుండ్రి. ఆదివారం తెరువుండ్రి. మీరు ఎనకకు పోండ్రి."

మూడూ చేశాను. ఆఫీసు పేరు మాత్రమే ఉన్న చిన్న బోర్డు పెట్టించి, నా బల్లను వెనక రేకుల షెడ్డులోకి మార్చాను. సెలవు సోమవారానికి మార్చుకున్నాం. జిల్లా అధికారిణి ఫోన్ చేసి ఎవరినడిగి మార్చారని గద్దించారు. కారణాలు అరపేజీ రాసి పంపాను. మూడో నెల తానే వచ్చి చూస్తానన్నారు.

నాలుగో పని అటెండరు తనంతట తానే చేసింది. ఎండుచేపలు, మిరపకాయల సంచులు మోస్తూ తిరిగే ఆడవాళ్లను పిలిచి, సంచులు ఇక్కడ పెట్టుకోండి, మంచినీళ్లు తాగిపోండి అంది. మొదటి ఆదివారం సంచులు పెట్టి వెళ్లారు. రెండో ఆదివారం కొందరు కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరే తెర వెనక నర్సు దగ్గరికి వెళ్లారు. తండాల వాళ్లే కాదు, తల్లాడ వైపు పెద్ద రైతుల ఇళ్ల నుంచి స్కూటీ మీద వచ్చినవాళ్లూ అదే బెంచీ మీద కూర్చున్నారు. సారుకు వినపడుతుందేమోనని ఒకామె సందేహపడితే, మా సారుకు ఫైల్ల రాసింది తప్ప ఏం ఇనబడదని అటెండరు చెప్పిందట. ముందు గదిలో నవ్వులు షెడ్డు దాకా వచ్చాయి.

అధికారిణి ఒక ఆదివారం చెప్పకుండా వచ్చారు. గుమ్మంలో సంచులు దాటుకుంటూ, ఇది ఆఫీసా, సామాన్ల గదా అని అడిగారు. బెంచీ చివర కూర్చున్న ముసలామె జవాబిచ్చింది.

"సామాన్లూ మాయే, ఆఫీసూ మాదే. నువ్వు గూడ లైన్ల కూసో బిడ్డా."

ఆవిడ నిజంగానే కూర్చున్నారు. తన వంతు వచ్చాక తెర వెనక్కి వెళ్లి, అరగంట తర్వాత గానీ బయటికి రాలేదు. తనిఖీకి అంతసేపు పట్టదు. నర్సును నేనేమీ అడగలేదు.

బయటికొచ్చాక, కార్యాలయం ఇక్కడే కొనసాగాలని ఫైలు మీద రాసి సంతకం పెట్టారు. కారెక్కబోతూ ఆగి, వచ్చే ఆదివారం ఎంతవరకు తెరిచి ఉంటుందని అడిగారు.

సంత అయిపోయేదాకా అన్నాను.