రెండూ కుడిచేతులే

కోట్లు కుట్టే ఆ దుకాణంలో ఆవిడని అందరూ కత్తెరమ్మ అంటారు. బల్లమీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పెట్టిందంటే మళ్లీ చూసుకునే పనే ఉండేది కాదు. అలాంటి మనిషి కీమో పూర్తయి పనిలోకొచ్చిన కొత్తలోనే, ఓ పెద్దమనిషి కోటుకి రెండూ కుడిచేతులే కత్తిరించి కూర్చుంది! ఎడమచేతికి నమూనా అట్టని తిరగేసి పెట్టాలి. తిరగేశాననే అనుకుంది.

రొమ్ము క్యాన్సర్ పోయింది, జుట్టు తిరిగొచ్చింది, ఇంకేం కావాలని ఇంట్లోవాళ్ల ధోరణి. వాళ్ల తలకాయ! పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోతున్నానని, తెలిసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోందని మొగుడితో చెప్పుకుంది.

"నాకూ అంతేనే! నిన్న కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికాను" అని పగలబడి నవ్వాడాయన.

పాపం, ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇక ఈ బాధ ఇంకెవరితో చెప్పుకుంటుంది?

డాక్టరమ్మ ఒక్కతే కొట్టిపారెయ్యలేదు. "కీమో తర్వాత చాలామందికి ఇలా అవుతుందమ్మా. మీకు పిచ్చీ కాదు, బద్ధకమూ కాదు. ఎక్కువమందికి మెల్లగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది" అంది. ఈమె ఏ రకమో మాత్రం చెప్పలేకపోయింది.

ఓనరు మంచివాడు, చిక్కల్లా అదే. తిడితే ఎదురు తిరిగేది. "కొన్నాళ్లు గుండీలు కుట్టండక్కా, తల కుదుటపడ్డాక ఆ బల్ల మళ్లీ మీకే" అని కత్తెర కొత్త మాస్టరు చేతికిచ్చాడు. కత్తెర లేకపోతే తనెవరు? ఎలాగైనా మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లాలి. ఏ చిన్న అవకాశం దొరుకుతుందా అని కిటికీ పక్కన గుండీలు కుడుతూ కాచుక్కూర్చుంది.

ఓ మధ్యాహ్నం కొత్త మాస్టరు వెల్వెట్ పరిచి, దాని మెత్తటి నూగుమీద అటూ ఇటూ చెయ్యి రాసి ఆగాడు.

"అక్కా, దీని నూగు ఎటు పెట్టి కత్తిరించాలి?"

ఎన్నేళ్ల పనో అది! ఒళ్లో ఉన్న చెయ్యి దానంతటదే లేచింది. మాటే రాలేదు. "అదీ... అది..." అంది. మిషన్లన్నీ ఆగాయి. అందరూ తనవైపే చూస్తుంటే గుర్తున్న కాస్తా చెదిరిపోయింది.

"పోనీలెండక్కా, మీరు శ్రమపడకండి. పైకి పెట్టవయ్యా" అన్నాడు ఓనరు, ఎంతో దయగా.

మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. కత్తెర గుడ్డలో సర్రున సాగింది.

"పైకి" అంది కత్తెరమ్మ.

ఎవరూ తలెత్తలేదు.