వడ్లగుట్ట కింద కుంచం

మా ఊరి పక్కన వడ్లగుట్ట ఉంది. కేసముద్రం మార్కెట్‌కు పోతుంటే ఎడమవైపు, ఎవరో వడ్లు రాశి పోసినట్టే కనిపిస్తుంది. ఒకప్పుడు అది నిజంగా వడ్ల రాశేనట. మొగుడు పోయిన ఒకామె కుంచం పట్టి కొలవబోతే రాయైపోయిందని ఊళ్లో చెబుతారు. చిన్నప్పుడు ఆ రాళ్లను గోటితో గీకి, లోపల గింజ ఉందేమోనని చూసేదాన్ని. ఆ కథ అల్లింది మగవాళ్లేనని తెలిసివచ్చేసరికి నాకు ముప్పై దాటాయి.

బాపు చనిపోయిన ఏడు వానాకాలం పంట అమ్మ ఒక్కతే చేసింది. నాటు వేయించింది, మోటరు కాలితే తానే పోయి బాగు చేయించుకొచ్చింది. కోత మిషన్ వడ్లను కల్లంలో పోసి వెళ్లిపోయింది. వడ్లు కొనే సర్కారు సెంటర్‌లో ఎలాగూ కాంటా పెడతారు. అయినా మా దగ్గర తొలి ఐదు కుంచాలు కల్లంలోనే కొలవాలి. కుంచం పట్టినవాళ్లదే సేద్యమని ఊరి లెక్క.

ఆ పొద్దున బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, ఉతికిన కండువా వేసుకుని దిగాడు. వెనకాలే పెద్దమ్మ. ఆయన కొలిస్తే వచ్చే పంట నుంచి పొలం ఆయన చేతికి పోతుంది, అమ్మ తన మడిలో తానే కూలికి వంగాలి. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాంతో బావ నేరుగా మాట్లాడడు. ఇద్దరి మధ్య మాట మోయడానికి నేనే దొరికాను.

“మీ అమ్మకు చెప్పు బిడ్డా. గుట్ట సంగతి ఎరుకే గద. కుంచం నాకియ్యమను.”

“నాలుగు నెలలు బురదల దిగింది నేను,” అంది అమ్మ. “రాయైతే రాయే కానీ, కొలిచేది నేనే అని చెప్పు మీ పెద్దబాపుకు.”

నాకు ఒళ్లు మండి నోరు తెరిచాను. అమ్మ కళ్లతోనే ఆపింది. కొంగు నడుముకు చెక్కి రాశి ముందు కూర్చుంది. కుంచం వడ్లలో ముంచగానే రాయవుతాయేమోనని గింజల వైపే చూశాను. ఇంత చదువుకుని భయపడ్డందుకు సిగ్గేసింది కూడా.

“లాభం,” అంది అమ్మ. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు.

సంచి మూతి తెరిచి పట్టేవాళ్లు కావాలి. పెద్దబాపు ముఖం చూసి కూలివాళ్లెవరూ కదల్లేదు. నేను లేవబోయాను. అంతలో పెద్దమ్మ ఆయన్ని దాటుకుని వచ్చి కూర్చుంది, సంచి మూతి రెండు చేతులా తెరిచింది. ఆయన పిలిచాడు. ఆమె తల తిప్పలేదు.

అమ్మ మొదటి కుంచం అందులో పోసి, మళ్లీ ముంచి ఎత్తింది.

“రెండు,” అంది పెద్దమ్మ, అమ్మకన్నా గట్టిగా.